గ్లాసుడు నీళ్లకు ఎన్ని కట్టెలు?

మొదటిసారి పని చెడింది. రెండు లీటర్ల నీళ్లలో 70 గ్రాముల ఉప్పు తూచి కలిపాను. సముద్రంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి కాబట్టి లెక్క సరిపోయింది. పెద్ద గిన్నెలో ఆ నీళ్లు పోసి, మధ్యలో చిన్న స్టీలు గిన్నె పెట్టి, అది తేలిపోకుండా అందులో శుభ్రంగా కడిగిన గులకరాయి ఒకటి వేశాను. మూత తిరగేసి పెట్టాను, పిడి లోపలివైపు వచ్చేలా. మూత మీద ఐసు ముక్కలు. ఆవిరి వెళ్లి మూతకు తగిలి, చల్లబడి, పిడి దాకా జారి, చుక్కచుక్కగా చిన్న గిన్నెలో పడాలి. పడింది కూడా. తీరా నాలుక మీద వేసుకుంటే ఉప్పన. తొందరపడి మంట పెద్దది పెట్టాను మరి, నీళ్లు కుతకుతలాడి తుంపరలన్నీ చిన్న గిన్నెలోకి చిందాయి.

రెండోసారి సిమ్‌లో పెట్టి ఓపిగ్గా కూర్చున్నాను. ముప్పావు గంటకు ఒక గ్లాసు నీళ్లు వచ్చాయి. ఉప్పు జాడ లేదు. చప్పగా ఉన్నాయి, మాడిన గిన్నె కడిగిన నీళ్లలా ఏదో చిన్న వాసన. గొప్పగా గ్లాసు పైకెత్తి చూసుకుంటుంటే అమ్మ వంటింట్లోకి వచ్చింది.

"ఇంత గ్యాస్ తగలేసి గ్లాసుడు నీళ్లా? పైగా మూత మీద పెట్టిన ఐసంతా మంచినీళ్లే కదరా!"

నవ్వేశాను కానీ, ఆ మాట నన్ను వదల్లేదు. సముద్రపు నీటిని తాగునీరుగా మార్చిన తొలి కనిపెట్టుళ్ల గురించి అప్పటికి కొన్ని వారాలుగా చదువుతున్నాను. ఎక్కడ చూసినా ఒకటే వరస: మొదట కనిపెట్టింది ఫలానా ఆయన, కాదు అంతకుముందే ఫలానా ఆయన. నాకు ఈ పోటీయే తప్పనిపిస్తోంది. ఉప్పునీటి నుంచి మంచినీళ్లు తీయడం రెండు వేల ఏళ్ల కిందటే తెలిసిన విద్య. తెలియనిది అమ్మ అడిగిన లెక్క. ఆ లెక్క మీద కూర్చోవాల్సిన తెలివంతా చాలాకాలం రహస్యపు పొడుల వేటలో ఖర్చయిపోయింది. ఈ వ్యాసంలో నా వాదన ఇంతే.

పాతకాలం సంగతి త్వరగా చెప్పేస్తాను. ఉప్పునీళ్లు ఆవిరై మళ్లీ నీరయితే ఆ నీరు ఉప్పగా ఉండదని అరిస్టాటిల్ రాశాడు. ఆ తర్వాత అయిదారు వందల ఏళ్లకు, ఆయన మీద వ్యాఖ్యానాలు రాసిన అఫ్రోడిసియాస్ అలెగ్జాండర్ ఓడవాళ్ల పద్ధతి ఒకటి చెప్పాడు: ఇత్తడి పాత్రలో సముద్రపు నీళ్లు మరగబెట్టి, మూతి దగ్గర స్పాంజీలు వేలాడదీసి, అవి ఆవిరి పీల్చాక పిండుకుని తాగడం. నా ఐసు మూతకు ఈ స్పాంజీ ముత్తాత అన్నమాట. అంటే అసలు సూత్రం అప్పటికే చేతిలో ఉంది. సారా కాచేవాడికీ అత్తరు తీసేవాడికీ ఇది తర్వాత రోజువారీ పనే అయింది.

అదే కాలంలో ఒక తప్పు కూడా నాటుకుంది. మైనంతో చేసిన పాత్రను మూతి బిగించి సముద్రంలో దించితే గోడల్లోంచి మంచినీళ్లు మాత్రమే లోపలికి ఊరతాయని అరిస్టాటిల్ అన్నాడు. రోమన్ రచయిత ప్లినీ దాన్ని వలల్లో వేసి దించే బోలు మైనపు బంతులుగా మార్చి చెప్పాడు. మైనం నీటిని లోపలికి రానివ్వదు, కాబట్టి అది జరిగే పని కాదు. ఈ బంతి సంగతి గుర్తుంచుకోండి, చివర్లో దీంతో పని ఉంది.

ఇక ఓడల కాలానికి వద్దాం. 1593లో దక్షిణ సముద్రాల వైపు బయల్దేరిన ఇంగ్లిష్ నావికుడు రిచర్డ్ హాకిన్స్, ఓడలో నీళ్లు తరిగిపోతే సముద్రపు నీటిని బట్టీ పట్టి, అంటే కాచి ఆవిరిని మళ్లీ నీరు చేసి, వాడుకున్నామని రాశాడు. ఆ నీరు ఆరోగ్యకరంగానే ఉందన్నాడు. 1622లో అచ్చయిన ఆ పుస్తకాన్ని తర్వాత చాలామంది సాక్ష్యంగా చూపించారు. అందులో ఒక ముక్క నన్ను ఆపేసింది. నాలుగు కట్టెలతో ఒక పీపా నీళ్లు తీశానంటాడు. ఆయన చెప్పిన పీపాలో సుమారు 240 లీటర్లు పడతాయి.

ఇక్కడ కాగితం, పెన్ను తీసుకున్నాను. లీటరు నీటిని మామూలు వేడి నుంచి మరిగే దాకా తేవడానికి సుమారు 300 కిలోజౌళ్లు కావాలి. మరుగుతున్న ఆ లీటరును పూర్తిగా ఆవిరి చేయడానికి ఇంకో 2,257. అసలు ఖర్చంతా ఈ రెండో అంకెలోనే ఉంది. నీళ్లు మరగడం త్వరగానే మొదలవుతుంది, తరగడమే ఎంతకీ తెమలదు. ఆరిన కట్టె కిలో కాలిస్తే 15,000 కిలోజౌళ్లకు అటూ ఇటుగా వేడి వస్తుంది. ఒక్క పిసరు వేడి కూడా బయటకు పోకపోతే హాకిన్స్ పీపాకు 40 కిలోల కట్టెలు చాలు. అయితే మామూలు పొయ్యిలో పుట్టిన వేడిలో ఐదో వంతు గిన్నెకు చేరితే గొప్ప. అప్పుడది 200 కిలోలవుతుంది. ఆయన నాలుగు కట్టెలూ నాలుగు దూలాలయి ఉండాలి, లేదా ఆయన కొంచెం కోతలు కోసి ఉండాలి. నేను రెండోదే నమ్ముతాను.

ఈ లెక్కను ఓడ మనిషి కళ్లతో చూడండి. లీటరు నీటికి దగ్గర దగ్గర కిలో కట్టె. కిలో నీళ్లు లీటరు చోటులో ఇమిడిపోతాయి. కిలో కట్టెలకు, పేర్చినప్పుడు మధ్యలో మిగిలే సందులతో కలిపి, అంతకు రెట్టింపు చోటు కావాలి. ఓడ అడుగున ఉన్న చోటులో కట్టెలు నింపుకుని సముద్రపు నీళ్లు కాచుకోవడం కంటే, అదే చోటులో మంచినీళ్ల పీపాలు పెట్టుకోవడం మేలు. చేతిచమురు భాగవతం అంటే ఇదే. పాతకాలం కెప్టెన్లు బట్టీల పట్ల ఉత్సాహం చూపలేదని, మూర్ఖంగా పాత పద్ధతినే పట్టుకుని వేలాడారని కొందరు రాస్తుంటారు. వాళ్లు మూర్ఖులేం కాదు. ఓడలో చోటు ఎంత ఖరీదో వాళ్లకు తెలుసు.

మరి కనిపెట్టేవాళ్లు ఏం చేశారు? 1675లో విలియం వాల్కాట్ సముద్రపు నీటిని మంచినీరు చేసే పద్ధతికి ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్నాడు. 1683లో రాబర్ట్ ఫిట్జెరాల్డ్ మరో పేటెంటుతో వచ్చాడు. ఈయన ప్రసిద్ధ శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్‌కు బంధువు. ఇద్దరి మధ్య పెద్ద గొడవే నడిచింది. ఇద్దరి గొప్పలూ కాచే నీళ్లలో కలిపే 'దినుసుల' చుట్టూనే తిరిగాయి, ఆ దినుసులేమిటో మాత్రం గుట్టు. బాయిల్ ఫిట్జెరాల్డ్ నీటికి మద్దతు పలికాడు. మద్దతు సంగతి ఎలా ఉన్నా, నీటిని పరీక్షించే ఒక మంచి ఉపాయం ఆయన నుంచి వచ్చింది: వెండిని నైట్రిక్ ఆమ్లంలో కరిగించిన ద్రావణాన్ని ఒక చుక్క వేస్తే, నీటిలో ఉప్పు ఏమాత్రం మిగిలినా పాలలా తెల్లగా విరుగుతుంది. నాలుకతో తేల్చే గొడవను చుక్కతో తేల్చడం. రెండు పేటెంట్ల కంటే ఈ చుక్కే నాకు గొప్పగా కనిపిస్తుంది.

ఆ పొడుల పిచ్చిని మరీ ఎగతాళి చేయడమూ న్యాయం కాదు. వాళ్లకు ఎదురైన బాధ నిజమైనదే. బట్టీ నీళ్లకు మాడు వాసన ఉండేది, ఒక్కోసారి పులుపు, ఘాటు. ఎందుకంటే సముద్రంలో ఉన్నది వంటింటి ఉప్పు ఒక్కటే కాదు, మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. గిన్నెలో నీళ్లు దాదాపు ఇగిరిపోయేదాకా కాస్తే అది విడిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరితో పాటు వస్తుంది. ఆ రోజుల్లో దాన్ని ఉప్పు నుంచి లేచే ఘాటు అనుకున్నారు. ఆమ్లం వస్తుంటే దానికి విరుగుడుగా క్షారం కలపాలనుకోవడం తెలివైన ఆలోచనే. స్టీఫెన్ హేల్స్ అనే మతగురువు, గట్టి ప్రయోగశీలి, సముద్రపు నీటిని ముందు కుళ్లబెట్టి తర్వాత బట్టీ పట్టమని 1739లో రాశాడు. తర్వాత సుద్దపొడి కలపమన్నాడు. జాషువా యాపిల్‌బీ అనే రసాయనికుడు ఘాటు క్షారమూ, తెల్లగా కాల్చిన ఎముకల పొడీ కలపమన్నాడు. 1750లలో ఆ పద్ధతిని ఇంగ్లండ్ నౌకాదళ పెద్దలు అచ్చు వేయించారు కూడా.

ఎముకల పొడి, సుద్ద, క్షారం! ఈ జాబితా చదువుతుంటే చిటికెడు ఇదీ చిటికెడు అదీ వేస్తూ కూర చెడగొట్టుకునే కొత్త వంటవాడు గుర్తొచ్చాడు. అసలు మందు అతి తేలిక: గిన్నె అడుగంటేదాకా కాయకూడదు. మూడో వంతో నాలుగో వంతో నీళ్లు మిగిలి ఉండగానే పారబోసి, కొత్త నీళ్లు పోసుకుంటే ఆ ఆమ్లం గొడవే రాదు. సముద్రం మధ్యలో ఉండి సముద్రపు నీళ్లు పారబోయడానికి వెనకాడటం ఎందుకో నాకైతే అర్థం కాలేదు. బట్టీ అంటే ఆఖరి చుక్క దాకా రాబట్టాలనే పాత అలవాటు కావచ్చు.

ఇక్కడ నా అభిమాన పాత్ర వస్తాడు. జేమ్స్ లిండ్. స్కర్వీ అనే ఓడవాళ్ల జబ్బుకు నారింజ, నిమ్మ పనిచేస్తాయని ప్రయోగం చేసి చూపిన నౌకాదళ వైద్యుడు. 1760ల మొదట్లో ఆయన తేల్చి చెప్పింది ఒక్క మాట: ఏమీ కలపక్కర్లేదు. ఉత్త సముద్రపు నీటిని కాచి ఆవిరి పడితే చాలు, మంచినీళ్లే వస్తాయి. 1762లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ ముందు ఆ సంగతి చదివారు. ఆయన చెప్పిన సరంజామా చూడండి. ఓడలో వంట చేసే పెద్ద కుండ. దాని మీద మూతగా బోర్లించిన టీ కెటిల్, పిడి ఊడదీసి. కెటిల్ ముక్కుకు తగిలించిన తుపాకీ గొట్టం. ఆ గొట్టం దూరి వెళ్లేలా కన్నాలు పెట్టిన పీపా, అందులో చల్లటి సముద్రపు నీళ్లు. అన్నీ ఓడ మీద దొరికేవే. తుపాకీ గొట్టం చివర నుంచి మంచినీళ్లు కారడం ఊహించుకుంటే నాకు భలే ముచ్చటేసింది. అమ్మ పట్టుకున్న తప్పు కూడా ఇందులో లేదు: చల్లార్చడానికి ఐసు అక్కర్లేదు, పీపాలో ఉన్నదీ సముద్రమే.

లిండ్ దీనికి పేటెంట్ తీసుకోలేదు, రాసి అందరికీ చెప్పేశాడు. 1772లో బ్రిటిష్ పార్లమెంటు ఇలాంటి పద్ధతికే 5,000 పౌన్లు బహుమతి ఇచ్చింది. లిండ్‌కు కాదు, చార్ల్స్ ఇర్వింగ్ అనే మరో వైద్యుడికి. మొక్క నాటింది ఒకరు, కాయ కోసుకున్నది ఇంకొకరు. ఇర్వింగ్ వైపు కూడా చెప్పాలి కాబట్టి చెబుతాను. ఆయన బట్టీ విడిగా ఉండదు. ఓడలో వంటకు ఎలాగూ మండే పొయ్యి మీదే రెండో అరలో సముద్రపు నీళ్లు పోస్తారు. పైన ఒక వెడల్పాటి గొట్టం తగిలిస్తారు. దాన్ని చల్లబరచడానికి పీపా కూడా లేదు, ఒక నావికుడు తడి మాప్‌తో గొట్టాన్ని తుడుస్తూ నిలబడతాడు! వినడానికి నవ్వొస్తుంది కానీ, కట్టెల లెక్కను పట్టించుకున్న తొలి యంత్రాల్లో ఇది ఒకటి. వంట కోసం మండే మంటనే పంచుకుంటుంది కాబట్టి విడిగా పెద్ద ఖర్చు లేదు.

దీన్ని ఇంగ్లిష్ నావికుడు జేమ్స్ కుక్ తన రెండో యాత్రలో తీసుకెళ్లాడు. నాకు తెలిసి ఈ యంత్రం మీద వచ్చిన అత్యంత నిజాయితీ గల అభిప్రాయం ఆయనదే. పనికొచ్చే వస్తువే, అయితే పూర్తిగా దీని మీదే ఆధారపడమని ఎవరికీ చెప్పనన్నాడు. కట్టెలు పుష్కలంగా ఉంటే ప్రాణం నిలవడానికి సరిపడా నీళ్లు వస్తాయి, ఆరోగ్యం నిలవడానికి సరిపడా రావు, అందులోనూ వేడి ప్రాంతాల్లో. మరి దక్షిణ ధ్రువం వైపు వెళ్లినప్పుడు ఆయన ఏం చేశాడు? 1773 జనవరిలో పడవలు దింపి, తేలుతున్న మంచుగడ్డలు ఎత్తించి, కరిగించి, ఒక విడతలో 15 టన్నుల దాకా మంచినీళ్లు నింపుకున్నాడు. మంచు కరగడానికి పట్టే వేడి, నీరు ఆవిరి కావడానికి పట్టే వేడిలో సుమారు ఏడో వంతే. కుక్ జౌళ్లలో లెక్క కట్టలేదు, చేతికి చలి తగలడంతోనే కట్టేశాడు.

ఇంత జరిగాక కూడా రహస్యపు పొడి చావలేదు. 1791లో అమెరికాలో, న్యూపోర్ట్‌కు చెందిన జాకబ్ ఐజాక్స్ తన దగ్గర ఒక పద్ధతి ఉందని, ప్రతిఫలం ఇస్తే బయటపెడతానని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. అది విదేశాంగ మంత్రి థామస్ జెఫర్సన్ బల్ల మీదికి వచ్చింది. ఆయన ఫైలు పక్కన పడేయకుండా, ఆ మార్చిలో ఫిలడెల్ఫియాలో పరీక్ష పెట్టించాడు. వైద్యులు కాస్పర్ విస్టార్, జేమ్స్ హచిన్సన్, ఖగోళవేత్త డేవిడ్ రిటెన్‌హౌస్ కూర్చున్నారు. డెలావేర్ తీరానికి అవతలి నుంచి సముద్రపు నీళ్లు తెప్పించారు. ఐజాక్స్ చిన్న పొయ్యి, రేకు మూత, చల్లటి నీళ్ల పీపాలోంచి ఏటవాలుగా దిగే రేకు గొట్టం అమర్చి, తన గుట్టు మిశ్రమం కలిపి కాచాడు. తర్వాత మిశ్రమం కలపకుండా కూడా కాచి, నీళ్లు ఎన్ని వచ్చాయో, కట్టెలు ఎన్ని కాలాయో తూచి చూశారు. మిశ్రమం వల్ల ఒరిగిందేమీ లేదు.

కట్టెలు తూచారు! రెండు శతాబ్దాల గొప్పల తర్వాత, ఎవరో తక్కెడ తెచ్చారు. ఆ నవంబరులో ఇచ్చిన నివేదికలో జెఫర్సన్ హాకిన్స్ నుంచి ఇర్వింగ్ దాకా పాత చరిత్రంతా ఏకరువు పెట్టి, ఇది కొత్త విద్య కాదని తేల్చాడు. అక్కడితో ఆగి ఉంటే ఒక అర్జీ కొట్టేసిన మంత్రిగా మిగిలేవాడు. ఇంకో సూచన చేశాడు: రేవులో ప్రతి ఓడకూ ఇచ్చే అనుమతి కాగితం వెనకవైపు, ఉన్న సామానుతో నీళ్లు ఎలా కాచుకోవాలో అచ్చు వేయించమని. ఎలాగూ ఇచ్చే కాగితం, ఎలాగూ ఖాళీగా ఉండే వెనకవైపు.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. గుట్టు లేకపోతే బతుకెలా? ప్రయోగాలకు డబ్బు కావాలి, పేటెంట్ ఆశ లేకపోతే వాల్కాట్ గానీ ఐజాక్స్ గానీ పొయ్యి వెలిగించేవాడే కాదు. ఒప్పుకుంటాను. లిండ్‌కు జీతం ఉంది, జెఫర్సన్‌కు పదవి ఉంది, పంచిపెట్టడం వాళ్లకు తేలిక. నా ఫిర్యాదు వాళ్లు డబ్బు ఆశించడం మీద కాదు. గుట్టుగా ఉంచాలంటే కలిపే వస్తువు ఒకటి ఉండాలి. కట్టె పొదుపును దాచలేం, గొట్టం చూడగానే తెలిసిపోతుంది. అందుకే తెలివంతా పొడి వైపు మళ్లింది.

కట్టెల లెక్కను అసలు మార్చినవాడు సముద్రం కోసం పనిచేయనే లేదు. నార్బర్ట్ రిల్యూ న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన నల్లజాతి ఇంజనీరు. చెరకు రసం కాచే పనిలో బానిసలు మరిగే గిన్నెల్లోంచి గిన్నెల్లోకి రసాన్ని గరిటెలతో తోడి పోసేవాళ్లు, ఒళ్లు కాల్చుకుంటూ. రిల్యూ గిన్నెలను మూసి వరసగా కలిపాడు. మొదటి గిన్నె నుంచి లేచిన ఆవిరిని గాలిలోకి వదలకుండా రెండో గిన్నెను వేడి చేయడానికి పంపాడు. రెండో గిన్నెలో ఒత్తిడి తక్కువ కాబట్టి అందులోని రసం తక్కువ వేడికే మరుగుతుంది. అలాగే మూడోది. ఆ 2,257 కిలోజౌళ్లను ఒకసారి వాడి పారేయకుండా మళ్లీ మళ్లీ వాడుకోవడం. 1843లో ఆయనకు పేటెంట్ వచ్చింది. అదే పద్ధతి తర్వాత ఆవిరి ఓడల్లోకి, రేవుల్లోకి వచ్చింది. ఆవిరి ఓడల బాయిలర్లకు కూడా మంచినీళ్లే కావాలి, ఉప్పునీళ్లు పోస్తే లోపల రాయిలా గార కడుతుంది. దాహం మనుషులది ఒక్కటే అయినంత కాలం నత్తనడక నడిచిన విద్య, యంత్రానికి దాహం వేశాక పరుగెత్తింది. జెడ్డాలో సముద్రపు నీళ్లు కాయడానికి బొగ్గుతో నడిచిన తొలి యంత్రానికి జనం పెట్టుకున్న పేరు 'కిందాసా', ఆవిరిని చల్లార్చి నీరు చేసే కండెన్సర్ అన్న మాటే అరబ్బీ నోట్లో నలిగి అలా అయింది.

ఇప్పుడు మైనపు బంతి. 1960 నాటికి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో ఒక పొర తయారు చేశారు. ఒత్తిడితో నెడితే నీళ్లు దాటిపోతాయి, ఉప్పు చాలావరకు ఆగిపోతుంది. అంటే అరిస్టాటిల్ ఊహించిన గోడ, వస్తువు మారింది అంతే. సముద్రపు నీటికి ఆ ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి సుమారు 27 రెట్లు దాటాలి. ప్లినీ బంతికి మైనం బదులు ఈ పొర గోడగా ఉండి, అది నలిగిపోకుండా తట్టుకుంటే, సుమారు 270 మీటర్ల లోతు దాటాక నిజంగానే లోపల మంచినీళ్లు ఊరతాయి! పైకి లాగే కష్టం మాత్రం మనదే, ఉచితం అక్కడా లేదు. నేడు ఈ పొరలతో వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. అదే నీటిని నాలా గిన్నెలో కాస్తే 600 యూనిట్లు దాటుతుంది.

ఇదంతా అమ్మకు చెబితే, "మరి ఎండ ఊరికే వస్తుంది కదా" అంది. అదీ చేశారమ్మా అన్నాను. 1872లో, నేటి చిలీ ఎడారిలోని లాస్ సలినాస్ అనే చోట, చార్ల్స్ విల్సన్ అనే ఇంజనీరు చెక్క తొట్లలో బావి ఉప్పునీళ్లు పోసి, పైన ఏటవాలు గాజు పలకలు కప్పాడు. మొత్తం 4,700 చదరపు మీటర్లు. రోజుకు 20,000 లీటర్లకు పైగా మంచినీళ్లు వచ్చేవి, గనుల్లో సరుకు లాగే కంచరగాడిదలకు. సుమారు 40 ఏళ్లు నడిచింది.

మూడోసారి పొయ్యి వెలిగించలేదు. అడుగున నల్లరంగు పూసిన ట్రేలో ఉప్పునీళ్లు పోసి, మీద గాజు పలక ఏటవాలుగా పెట్టి, అంచున ఒక సన్నటి రేకు కాలువ అమర్చి మేడ మీద ఎండలో పెట్టాను. పది గంటలకల్లా గాజు లోపలివైపు మసకబారింది. మధ్యాహ్నం చుక్కలు పెద్దవై ఒకదానితో ఒకటి కలిసి జారడం మొదలైంది. సాయంత్రానికి ముప్పావు గ్లాసు. అమ్మ ఒక గుక్క తాగి, "ఉప్పు లేదు, రుచీ లేదు" అని మిగతాది మొక్కకు పోసేసింది. ట్రే మాత్రం తీయనివ్వలేదు, రేపు గాజు ఇంకొంచెం ఏటవాలుగా పెట్టి చూడమంది.